ఓక్‌ర్యుగ్వాన్: ప్యోంగ్యాంగ్‌లో గ్రాముల లెక్కన వడ్డించే భోజనం

ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్‌లో ఒక్క పూటే భోజనం చేసే వీలుంటే అది ఓక్‌ర్యుగ్వాన్ రెస్టారెంట్‌లోనే చేయండి. రుచి ఒక కారణం. దాన్ని మించిన కారణం ఇంకోటుంది. ఆ నగరంలో మామూలు మనుషులు తమకు ఏమనిపిస్తుందో పైకి చెప్పడం నేను ఎక్కువగా విన్నది ఆ బల్లల దగ్గరే.

కరోనాకు ముందు కొన్నేళ్లు నేను అక్కడి మన రాయబార కార్యాలయంలో పనిచేశాను. ఉత్తర కొరియాతో మనకు 1973 నుంచి దౌత్య సంబంధాలున్నాయి. నగరానికి తూర్పు వైపు మున్‌సూదోంగ్ అనే పేటలో చాలా దేశాల ఎంబసీలు ఒకేచోట ఉంటాయి, మేమూ అక్కడే ఉండేవాళ్లం. ఊళ్లో కారు వేసుకుని తిరగొచ్చు, నడవొచ్చు. ఊరు దాటాలంటే మాత్రం అనుమతి కావాలి. స్థానికుల ఇళ్లకు వెళ్లడం కుదరదు, వాళ్లు పిలవరు, పిలవడానికి వీల్లేదు కూడా. మొబైల్ ఫోన్లున్నాయి కానీ విదేశీయుల నంబర్ల నుంచి స్థానికుల నంబర్లకు కాల్ వెళ్లదు. ఎంబసీలో పనిచేసే స్థానిక సిబ్బందిని కూడా ప్రభుత్వ సంస్థే పంపుతుంది. ఇలాంటి చోట జనం ఎలా బతుకుతున్నారో తెలుసుకోవాలంటే మిగిలేవి పార్కులు, మెట్రో, రెస్టారెంట్లు. వాటిలో నేను మళ్లీ మళ్లీ వెళ్లింది ఓక్‌ర్యుగ్వాన్‌కి.

ఈ రెస్టారెంట్ 1960ల మొదట్లో మొదలైంది. తేదోంగ్ నది ఒడ్డున, ఓక్‌ర్యు వంతెన పక్కనే పాతకాలపు కొరియా భవనం పద్ధతిలో వంపు తిరిగిన పెంకుల కప్పుతో ఉంటుంది. మున్‌సూదోంగ్ నుంచి వంతెన దాటితే చాలు. నది వైపు కూర్చుంటే అవతలి ఒడ్డున, కాస్త దిగువన జూచే స్తంభం కనిపిస్తుంది. దాని ఎత్తు 170 మీటర్లు. ఆ దేశపు మొదటి నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ డెబ్బయ్యో పుట్టినరోజుకు 1982లో కట్టారు. అప్పటిదాకా ఆయన బతికిన ఒక్కో రోజుకు ఒక్కో రాయి చొప్పున 25,550 రాళ్లు పేర్చామని చెబుతారు. మన కాళ్ల మీద మనమే నిలబడాలి, మన దేశానికి మనమే యజమానులం అనే జూచే సిద్ధాంతానికి ఆ స్తంభం గుర్తు. దానికి ఎదురుగా కూర్చుని నూడుల్స్ తింటూ ఆ సిద్ధాంతం గురించి ఆలోచించినంతగా నేను ఏ అధికారిక సమావేశంలోనూ ఆలోచించలేదు.

ముందు లోపలికి ఎలా వెళ్తారో చెప్పాలి. స్థానికులకు ఆఫీసులు, ఫ్యాక్టరీల ద్వారా కూపన్లు అందుతాయి. కూపన్ ఉన్నవాళ్లు మెట్ల దగ్గర క్యూ కడతారు. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆ వరస చాలా పొడుగ్గా ఉంటుంది. మగవాళ్లు ముదురు రంగు బట్టల్లో, ఆడవాళ్లు ఉన్నంతలో మంచివి కట్టుకుని, పిల్లలకు తలలు నున్నగా దువ్వి తీసుకొస్తారు. పెద్దవాళ్లందరికీ ఎడమ వైపు ఛాతీ మీద నాయకుల బొమ్మ ఉన్న బ్యాడ్జి ఉంటుంది. విదేశీయులు క్యూలో నిలబడక్కర్లేదు. వేరే గదిలోకి తీసుకెళ్తారు, బిల్లు విదేశీ డబ్బుల్లో కట్టాలి. క్యూలో చంటిపిల్లను ఎత్తుకున్న తల్లిని దాటుకుని నేరుగా లోపలికి వెళ్లడం నాకు చివరి వరకూ అలవాటు కాలేదు. పెద్ద హాలులో, అందరి మధ్య కూర్చుంటామని అడిగితే కొన్నిసార్లు ఒప్పుకునేవారు. మీరూ అడిగి చూడండి. గది శుభ్రంగా, చల్లగా, ప్రశాంతంగా ఉంటుంది గానీ చూడాల్సిందంతా హాల్లోనే ఉంది.

ఇక గిన్నె సంగతి. ఇక్కడ అందరూ తినేది రెంగ్‌మ్యోన్, అంటే చల్లని నూడుల్స్. ఇత్తడి గిన్నెలో వస్తుంది. గిన్నె బయట నీటి చుక్కలు పట్టి ఉంటాయి, చేత్తో పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. బక్‌వీట్ గింజల పిండిలో కొంచెం స్టార్చ్ కలిపి వత్తిన నూడుల్స్ ముదురు బూడిద రంగులో, ఉండలా చుట్టి గిన్నె మధ్యలో గోపురంలా నిలబెట్టి ఉంటాయి. దాని మీద పలచగా కోసిన మాంసం ముక్కలు, దోసకాయ, ముల్లంగి, బేరిపండు ముక్క, అన్నిటి మీదా ఉడికించిన గుడ్డు. చుట్టూ సూప్. నీళ్లలా తేటగా ఉంటుంది కాబట్టి మొదటి గుటకలో ఏ రుచీ తెలియదు. కారం లేదు, ఘాటు లేదు, ఉప్పు కూడా అంతంత మాత్రమే. రెండో గుటకలో మాంసం రుచి లీలగా తెలుస్తుంది, మూడోసారికి పులుపు. గిన్నె సగం అయ్యేసరికి ఆ చప్పదనమే నాలుకకు హాయిగా అనిపిస్తుంది. మసాలాలకు అలవాటు పడ్డ నోటికి కాస్త సమయం పడుతుంది, తొందరపడి ఆవముద్ద అంతా కలిపేయకండి.

తినే పద్ధతి ఒకటుంది. దాన్ని నేర్పింది మా ఆఫీసు అనువాదకుడు. నలభై దాటిన మనిషి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడేవాడు. "వెనిగర్ సూప్‌లో పోయకండి సార్, పాడైపోతుంది" అని నా చెయ్యి పట్టుకుని ఆపాడు. చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ పైకెత్తి, వాటి మీద మాత్రమే వెనిగర్ పోసి, మళ్లీ సూప్‌లోకి దించాడు. ఆవముద్ద ఇంకాస్త తర్వాత. కత్తెరతో కత్తిరించడం అసలు చేయకూడదు, నూడుల్ పొడుగ్గా ఉంటే ఆయుష్షు పొడుగు అని వాళ్ల నమ్మకం.

పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన ఇదంతా చూసి ఏదో అన్నాడు. మా అనువాదకుడు వెంటనే జవాబిచ్చాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఏమైందని నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే గొడవంతా వెనిగర్ గురించే. అసలు వెనిగరే పోయకూడదు, సూప్ రుచి చెడుతుంది అని పెద్దాయన. పోయకపోతే నూడుల్స్ మెత్తబడవు అని మావాడు. ఇంతలో పెద్దాయన భార్య కలగజేసుకుని, ఆ మాటకొస్తే పోథోంగ్ నది ఒడ్డునున్న చోంగ్‌ర్యుగ్వాన్‌లో సూప్ ఇంకా బాగుంటుందని తేల్చేసింది. దాంతో ముగ్గురూ కలిసి కొత్త వాదనలోకి దిగారు. వడ్డించే అమ్మాయి కూడా ఒక మాట వేసింది.

ఈ చిన్న గొడవ నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆ అనువాదకుడితో నేను రోజూ పనిచేసేవాణ్ణి. వార్తల గురించి అడిగితే అతని జవాబు పార్టీ పత్రిక రోదోంగ్ సిన్మున్‌లో వచ్చినట్టే ఉండేది, వాక్యాలతో సహా. అది అతని తప్పు కాదు. శనివారం వస్తే స్థానిక సిబ్బంది అందరూ రాజకీయ పాఠాలకు వెళ్లేవారు. వారానికోసారి తోటివాళ్ల ముందు నిలబడి, తాను చేసిన పొరపాట్లు చెప్పుకుని, ఇంకొకరి పొరపాటు ఎత్తిచూపే సమావేశం ఆ దేశంలో చిన్నప్పటి నుంచీ అందరికీ ఉంటుంది. ఉండే చోట ఇరవై నుంచి నలభై కుటుంబాలకు ఒక ఇన్‌మిన్‌బాన్, అంటే ఇరుగుపొరుగు సంఘం, దానికి ఒక పెద్ద, ఇంటికి ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో ఆవిడకు తెలియాలి. ఇన్ని కళ్ల మధ్య పెరిగిన మనిషి విదేశీయుడి ముందు సొంత మాట మాట్లాడతాడా? అలాంటి మనిషి వెనిగర్ దగ్గర వెనకా ముందూ చూసుకోకుండా, ముఖం ఎర్రబడేలా వాదించాడు. ఓక్‌ర్యుగ్వానా, చోంగ్‌ర్యుగ్వానా, కోర్యో హోటలా అన్న ప్రశ్నకు అక్కడ అధికారిక జవాబు లేదు. అందుకే అందరికీ సొంత జవాబు ఉంది. ఇంతమంది ఒక్క తీరుగా ఆలోచిస్తారని బయటివాళ్లు అనుకోవడం ఎంత పొరపాటో ఆ బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

అయితే ఇది సిద్ధాంతానికి దూరంగా ఉన్న చోటు అనుకోకండి. గోడల మీద పర్వతాల చిత్రాలు, నాయకుల చిత్రాలు ఉంటాయి. ఈ స్థలం ఎంచింది, పేరు పెట్టింది కిమ్ ఇల్ సుంగ్ అని వడ్డించే అమ్మాయి మొదటి రెండు నిమిషాల్లోనే చెబుతుంది. వంట మీద, సూప్ మీద నాయకులు ఇచ్చిన సూచనల గురించీ చెబుతుంది. నేర్చుకున్న పాఠమే అయినా అప్పజెప్పినట్టు చెప్పదు, గర్వంగా చెబుతుంది. ఆ గర్వం నిజమైనదేనని నా నమ్మకం. కొన్ని పాశ్చాత్య ఎంబసీల మిత్రులు దీన్నంతా నటన అనేవారు. నేను ఒప్పుకోను. రోజంతా ఇత్తడి గిన్నెలు మోసే అమ్మాయికి తను పనిచేసే చోటు దేశం మొత్తానికి తెలుసన్న సంగతి చిన్నదేం కాదు. 2018 ఏప్రిల్ 27న పాన్‌మున్‌జోమ్‌లో రెండు కొరియాల నాయకులు కలిసినప్పుడు, ఇక్కడి వంటవాళ్లను, నూడుల్స్ వత్తే యంత్రాన్ని సరిహద్దు దాకా తీసుకెళ్లి విందుకు రెంగ్‌మ్యోన్ వడ్డించారు. ఆ సెప్టెంబరులో దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ ఇక్కడికే వచ్చి భోంచేశారు. ఆ రోజుల్లో వెళ్తే స్టాఫ్ ముఖాలు వెలిగిపోతూ ఉండేవి. మా అనువాదకుడు సైతం, దక్షిణం వాళ్లకు వెనిగర్ ఎలా పోయాలో తెలుసా అని నన్ను రెండుసార్లు అడిగాడు. 2022లో ప్యోంగ్యాంగ్ రెంగ్‌మ్యోన్ ఆచారాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిందని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అతనే.

ఇప్పుడు గ్రాముల సంగతి. ఇక్కడ నూడుల్స్ ప్లేటు లెక్కన కాదు, గ్రాముల లెక్కన అడగాలి. వంద గ్రాములా, రెండు వందలా అని అమ్మాయి అడుగుతుంది. పెద్దవాళ్లు మామూలుగా రెండు వందలు తీసుకుంటారు, ఆకలి ఎక్కువైతే ఇంకో వంద. మొదట్లో ఇది నాకు చక్కని పద్ధతిగా, వృథా కాకుండా చూసే జాగ్రత్తగా మాత్రమే కనిపించింది. తర్వాత ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లోనూ అవే గ్రాములు కనిపించాయి. ఆ దేశంలో ప్రజా పంపిణీ వ్యవస్థ కూడా మనిషికి రోజుకు ఇన్ని గ్రాములు అనే లెక్కతోనే నడుస్తుంది. 2019 మే నెలలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థలు రెండు కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఏడాది రేషన్ మనిషికి రోజుకు 300 గ్రాములకు తగ్గింది. అంతకుముందు ఏడాది అదే సమయానికి 380 గ్రాములు. కోటీ లక్ష మంది, అంటే జనాభాలో 40 శాతం, సరిపడా తిండి లేక సాయం అవసరమైన స్థితిలో ఉన్నారని ఆ నివేదిక చెప్పింది. రెండు వందల గ్రాముల గిన్నె, పైన ఇంకో వంద. నేను ఒక మధ్యాహ్నం సరదాగా తినేది ఒక మనిషికి రోజంతటికీ ఇచ్చే రేషన్ అంత. ఆ లెక్క తెలిశాక కూడా నేను ఓక్‌ర్యుగ్వాన్‌కి వెళ్లడం మానలేదు, కానీ గిన్నెలో ఒక్క నూడుల్ కూడా వదిలిపెట్టలేదు.

స్వావలంబన గురించి గంటలు గంటలు చెప్పే దేశంలో తిండి ఎందుకు చాలదు? ఆ నేలలో ఎక్కువ భాగం కొండలు. వ్యవసాయం నిలబడింది సోవియట్ నుంచి చౌకగా వచ్చిన చమురు మీద, దాంతో తయారయ్యే ఎరువుల మీద, కరెంటుతో నడిచే నీటి పంపుల మీద. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, చమురు ఆగింది. 1995లో వరదలొచ్చాయి. రేషన్ చాలా చోట్ల పూర్తిగా ఆగిపోయింది, లక్షలమంది చనిపోయారు. ఎంతమందో ఎవరి లెక్క వారిది. బతికినవాళ్లు చాలావరకు సంతల వల్ల బతికారు. ఆడవాళ్లు ఇంట్లో చేసిన రొట్టెలు, తోఫు, పాత బట్టలు వీధిలో పెట్టుకుని అమ్మారు. 2003లో ప్రభుత్వమే ఆ సంతలను ఒప్పుకుని కప్పులు వేయించింది. 2009 నవంబరులో మళ్లీ వంద పాత వాన్‌లకు (వాన్ అంటే అక్కడి కరెన్సీ) ఒక కొత్త వాన్ అని, మార్చుకునే మొత్తానికి పరిమితి పెట్టి, సంతల్లో కూడబెట్టుకున్న వాళ్ల డబ్బును చిత్తుకాగితాలు చేసింది. సిద్ధాంతం మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు నిలవలేదు. 1992లోనే రాజ్యాంగంలోంచి మార్క్సిజం-లెనినిజం మాట తీసేశారు, 2009లో కమ్యూనిజం మాట కూడా పోయింది. నా దృష్టిలో ఆ దేశాన్ని నిలబెట్టింది నది అవతలి రాతి స్తంభం కాదు, సంతలో కూర్చున్న ఆ అమ్మలు. ఓక్‌ర్యుగ్వాన్ క్యూలో నిలబడేవాళ్లలోనూ వాళ్లు ఉంటారు.

ఇక్కడ ఇంకో మాట. ప్యోంగ్యాంగ్‌లో తిండి అంతా ఇలాగే ఉంటుందనుకుంటే నిరాశే. విదేశీయుల కోసమే నడిపే ఒక రెస్టారెంట్‌కి, పేరు చెప్పను, మేము తరచూ వెళ్లాల్సి వచ్చేది. మెనూ ఫొటోలతో చాలా పెద్దగా ఉండేది. ఏది అడిగినా "ఈరోజు లేదు" అనేవారు. జనవరిలో హీటర్ పనిచేయక కోటు విప్పకుండానే తిన్నాం. మధ్యలో కరెంటు పోతే ఫోన్ల లైటులో చేప ముళ్లు ఏరుకున్నాం. చిల్లర లేదని మిగతా డబ్బుకు చూయింగ్ గమ్ ప్యాకెట్లు ఇచ్చారు. డబ్బు మాత్రం యూరోల్లో, ఏ యూరప్ నగరంలోనైనా కట్టేంత కట్టాం. పనిచేసే పిల్లల తప్పు ఏమీ లేదు, వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. ఓక్‌ర్యుగ్వాన్‌కి సరుకు ఎప్పుడూ వస్తుంది, కరెంటు ఎప్పుడూ ఉంటుంది. రాజ్యం ఒక చోటును కళ్లలో పెట్టుకుని చూసుకుంటే ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది. దేశం అంతటినీ అలా ఎందుకు చూసుకోలేకపోతోంది అని అడిగే హక్కు ఆ క్యూలో ఉన్నవాళ్లకు ఉంది. ఆ ప్రశ్న అడగ్గలిగే చోటు వాళ్లకు లేదు. నాకు ఆ దేశం మీదున్న అసలు ఫిర్యాదు ఇదే.

మిగతా వంటకాల్లో తప్పకుండా అడగాల్సింది నోక్తు చిజిమ్. పెసలు నానబెట్టి రుబ్బి, పెనం మీద కొవ్వులో మందంగా కాల్చిన అట్టు. అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి లేవు గానీ నాకు అచ్చం పెసరట్టే. మాంసం తిననివాళ్లు ముందే గట్టిగా చెప్పి చేయించుకోవాలి, లేకపోతే పంది కొవ్వు తప్పదు. రెంగ్‌మ్యోన్ సూప్ మాంసంతో చేసేదే కాబట్టి శాకాహారులకు అది కుదరదు. తేదోంగ్ నది చేపల సూప్ కూడా ఇక్కడ పేరున్నదే, మిరియాలతో వేడివేడిగా వస్తుంది, చలికాలంలో బాగుంటుంది. తాగే అలవాటుంటే తేదోంగ్‌గాంగ్ బీరు అడగండి. ఇంగ్లండులో మూతపడ్డ ఒక బ్రూవరీని యంత్రాలతో సహా కొనుక్కొచ్చి 2002లో మొదలుపెట్టిన కంపెనీది, నిజంగానే మంచి బీరు.

ఏ కాలంలో వెళ్లాలి అంటే, చలికాలం అంటాను. చల్లని నూడుల్స్ ఎండాకాలం తిండి అనుకుంటాం గానీ, పూర్వం ఇది చలికాలపు భోజనం. ముల్లంగిని ఉప్పునీటిలో ఊరవేస్తే వచ్చే పుల్లని చల్లని నీళ్లతో, వెచ్చటి నేల మీద కూర్చుని తినేవారు. డిసెంబరులో నది అంచుల్లో మంచు పేరుకున్నప్పుడు జనం కాస్త తక్కువ ఉంటారు, హాల్లో చోటు దొరికే అవకాశమూ ఎక్కువ.

వెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. క్యూను, వంటగదిని అడగకుండా ఫొటో తీయకండి. నాయకుల చిత్రాలు ఫొటోలో పడితే సగం తెగకుండా పూర్తిగా రావాలి, ఆ విషయంలో వాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు. వడ్డించే అమ్మాయిని రాజకీయాల గురించి ఇరుకున పెట్టకండి. మీరు విమానమెక్కి వచ్చేస్తారు, ఆ సంభాషణకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ అమ్మాయి. వెనిగర్ ఎంత పోయాలని అడగండి, కావాల్సినంత మాట్లాడుతుంది. ముందు రెండు వందల గ్రాములు చెప్పండి, అట్టు దాంతోపాటే వేడిగా తెమ్మనండి, ఇంకో వంద తర్వాత చూసుకోవచ్చు. బిల్లుకు యూరోలు గానీ చైనా యువాన్లు గానీ చిన్న నోట్లలో తీసుకెళ్లండి.